గుండె జబ్బు – ఒంటి తూకం : కొంత చరిత్ర



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఏదైనా రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. తూనికలు, కొలతల శాఖలో 31 ఏళ్ళు పనిచేసినవాడిని కనుక వీశెలు, మణుగులు పోయి కిలోలు ఎలా వచ్చాయో రాస్తాననుకుని ఉంటారు. ఆ కథ మరోసారి మనవి చేస్తాను. ఇప్పుడు రాసేది మనిషి ఒంటి తూకం గురించి, అందులోనూ గుండె బలహీనపడినవారి తూకం గురించి. ఈ విషయం నాకు పుస్తకాల ద్వారా తెలియలేదు. ముందు ఒంటి మీదికి వచ్చింది, పుస్తకాలు తరువాత చదివాను.

2017లో నాకు గుండెపోటు వచ్చిన సంగతి సభ్యులకు తెలుసు. కోలుకుని ఇంటికి వచ్చాక కొన్నాళ్ళు బాగానే ఉన్నాను. 2018 మే నెల సమావేశానికి వెళితే మిత్రులంతా చుట్టూ చేరి, "ఏమండోయ్, ఒళ్ళు చేశారే! మనిషి తేరుకున్నారు" అన్నారు. నాకూ సంతోషమే వేసింది. మన వైపు ఒళ్ళు చేయడమంటే ఆరోగ్యం, చిక్కిపోవడమంటే జబ్బు. మా ఆవిడ మాత్రం, "మీ కాళ్ళ మీద చెప్పుల పట్టీ అచ్చు పడుతోందండీ, ఎప్పుడైనా చూసుకున్నారా?" అంది. ఎండాకాలం కదా, అలాగే ఉంటుందిలే అన్నాను. మూడో రాత్రి పడుకోలేకపోయాను. వెల్లకిలా పడుకుంటే ఊపిరి అందదు, లేచి కూర్చుంటే కాస్త నయం. తెల్లవారేదాకా కుర్చీలోనే కూర్చున్నాను.

ఆసుపత్రిలో ఆ అమ్మాయి, మా మనవరాలి వయసు డాక్టరు, మొదట అడిగిన ప్రశ్న ఇది: "బాబాయిగారూ, చివరిసారి బరువు ఎప్పుడు చూసుకున్నారు?" జవాబు చెప్పలేకపోయాను. ఎన్ని ఊళ్ళలో ఎన్ని వేల కాటాలకు ముద్ర వేశానో లెక్కలేదు గాని, నేను మాత్రం గుండెపోటు తరువాత ఒక్కసారి కూడా త్రాసు ఎక్కలేదు. అయిదు రోజుల్లో నా ఒంట్లోంచి ఆరు కిలోల నీరు తీశారు. మిత్రులు మెచ్చుకున్న 'ఒళ్ళు' అదన్నమాట.

హార్ట్ ఫెయిల్యూర్ అనే మాట వినగానే గుండె ఆగిపోయిందేమో అనిపిస్తుంది. అది కాదు. గుండె ఆడుతూనే ఉంటుంది, కాని ఒంటికి కావలసినంత రక్తాన్ని తోడలేదు, లేదా గట్టిపడి సరిగా నిండదు. తమకు చేరే రక్తం తగ్గేసరికి మూత్రపిండాలు ఒంట్లో నీరు తక్కువైందని భ్రమపడి, ఉప్పునూ నీటినీ బయటికి వదలకుండా పట్టి ఉంచుతాయి. సుమారు తొమ్మిది గ్రాముల ఉప్పు ఒక లీటరు నీటిని ఒంట్లో కట్టి ఉంచుతుంది. లీటరు నీరంటే కిలో బరువు. రెండు మూడు లీటర్లు చేరేదాకా కాళ్ళ వాపు కంటికి కనిపించదు. కన్ను పట్టలేనిదాన్ని త్రాసు పడుతుంది. అయితే ఈ చిన్న సంగతి వైద్యంలో స్థిరపడడానికి చాలా కాలం పట్టింది.

నీరు పట్టే జబ్బును మన పూర్వులు ఎరుగుదురు. చరక సంహితలో ఉదర రోగాల చికిత్సకు ఒక అధ్యాయమే ఉంది. అలాంటి రోగికి ఉప్పు మాన్పించి, నీరు తగ్గించి, నెలల తరబడి పాల మీద ఉంచమని అందులో ఉంది. ఆ రోగుల్లో గుండె వల్ల నీరు పట్టినవారెందరో, కాలేయం చెడినవారెందరో ఇప్పుడు చెప్పడం కుదరదు, కనుక అన్నీ మనవాళ్ళకు ముందే తెలుసునని చంకలు గుద్దుకోవడం నాకు ఇష్టం లేదు. కాని ఒక విచిత్రం చూడండి. 1866లో రష్యా చక్రవర్తి ఆస్థాన వైద్యుడు ఫిలిప్ కారెల్ వెన్న తీసిన పాలు మాత్రమే కొద్దికొద్దిగా పట్టించే పథ్యాన్ని ప్రకటించాడు. తరువాతి కాలంలో రోజుకు 800 మిల్లీలీటర్ల పాలతో అది యూరప్ ఆసుపత్రుల్లో కారెల్ పథ్యంగా నడిచింది. అన్ని పాలలో ఉండే ఉప్పు గ్రాముకు మించదు. పాలు గొప్పవని వైద్యులు అనుకున్నారు. నిజానికి పనిచేసింది పాలలో లేని ఉప్పు.

తూకం సంగతికి వస్తాను. మనిషిని వైద్యం కోసం త్రాసులో కూర్చోబెట్టినవారిలో మొదట చెప్పుకోవలసినవాడు ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయ ఆచార్యుడు సాంక్టోరియస్, గెలీలియో కాలంవాడు. పొడుగాటి కాడ మీద గుండు జరిపే పెద్ద త్రాసుకు కుర్చీ వేలాడదీసి, అందులో కూర్చుని భోజనం చేసేవాడు. తిన్నదీ తాగినదీ, విసర్జించినదీ అన్నీ తూచాడు. ఏళ్ళ తరబడి ఇదే పని. తిన్న బరువులో సగానికి పైగా కంటికి కనపడకుండా చర్మం నుంచీ ఊపిరి నుంచీ పోతోందని తేల్చి, 1614లో పుస్తకం అచ్చు వేశాడు. మా శాఖలో ఎవరైనా ఆయన బొమ్మ గోడకు తగిలించి ఉండవలసింది! ఆయన తూచింది ఆరోగ్యంగా ఉన్న ఒంటిని. ఆ త్రాసు రోగి మంచం దగ్గరికి రావడానికి మరో మూడు శతాబ్దాలు పట్టింది.

ఈలోగా నీరు పట్టినవారి అవస్థలు చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. ఇంగ్లీషు నిఘంటువు కూర్చిన శామ్యూల్ జాన్సన్ పండితుడు 1784లో ఈ జబ్బుతోనే బాధపడ్డాడు. ఆ ఫిబ్రవరిలో ఉన్నట్టుండి ఇరవై పైంట్లు, అంటే సుమారు పది లీటర్ల నీరు ఒంట్లోంచి వెళ్ళిపోయి కొంత తెరిపిన పడ్డాడు. శీతకాలానికి మళ్ళీ నీరు చేరింది. వైద్యులు పెట్టిన గాట్లు చాలలేదని చివరి రోజుల్లో తన కాళ్ళను తానే కత్తెరతో పొడుచుకున్నాడు, నీరు కారిపోతుందని. డిసెంబరు 13న కన్నుమూశాడు.

ఆయన పోయిన మరుసటి ఏడాది, 1785లో, విలియం విథరింగ్ అనే వైద్యుడి పుస్తకం వచ్చింది. ష్రాప్‌షైర్‌లో ఒక ముసలమ్మ నీరు పట్టినవారికి ఇరవై రకాల ఆకులు కలిపి ఇచ్చే కషాయం గురించి 1775లో ఆయనను అభిప్రాయం అడిగారు. అందులో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క ఒక్కటేనని ఆయన పట్టుకున్నాడు. పదేళ్ళు రోగులకు ఇచ్చి, నయమైనవారివీ కానివారివీ వివరాలన్నీ దాచకుండా రాశాడు. మోతాదు మించితే ప్రాణం తీస్తుందని హెచ్చరించాడు. అదే డిజిటాలిస్. దాని జాతి మొక్క నుంచి 1930లో తీసిన డిజాక్సిన్ మనలో కొందరి మాత్రల డబ్బాలో నేటికీ ఉంది. ఆ ముసలమ్మ పేరు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

మందుకు లొంగనివారికి 1870ల నుంచి రెజినాల్డ్ సౌతీ గొట్టాలు వచ్చాయి. కాలి చర్మం కింద సన్నని గొట్టాలు గుచ్చి వదిలేస్తే బొట్టుబొట్టుగా నీరు కారేది. ఇరవయ్యో శతాబ్దం మధ్య వరకు ఈ పద్ధతి అక్కడక్కడా ఉండేది. చీము పట్టి పోయినవారూ ఉన్నారు.

1903లో పారిస్‌లో ఫెర్నాండ్ విడాల్ బృందం మూత్రపిండాల రోగులకు ఉప్పు ఇచ్చి చూసింది, మాన్పించి చూసింది. ఉప్పుతో వాపూ బరువూ పెరిగాయి, మానితే తగ్గాయి. అంతవరకు నేరమంతా నీటి మీద వేసేవారు. అసలు ముద్దాయి ఉప్పని అప్పుడు తేలింది.

ఉప్పు కథలో మనవాళ్ళు తప్పక వినవలసిన ముక్క ఒకటుంది. జర్మనీ నుంచి వలస వెళ్ళి అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో చేరిన వాల్టర్ కెంప్నర్ 1939 నుంచి రక్తపోటు, మూత్రపిండాల రోగులకు వరి అన్నమే వైద్యంగా పెట్టాడు. ఉప్పు లేని అన్నం, పళ్ళు, పళ్ళరసం, పంచదార. అంతే. ఒక రైతు కుటుంబపు స్త్రీని రెండు వారాల తరువాత రమ్మంటే, ఆయన జర్మన్ యాస అర్థంకాక రెండు నెలలు అదే తిని వచ్చిందట. వచ్చేసరికి రక్తపోటు దిగింది. ఉబ్బిన గుండె ఎక్స్‌రేలో చిన్నదైన రోగులనూ ఆయన చూపించాడు. ఇది చదివి మా ఆవిడతో, "చూశావా, అన్నం మంచిదే" అన్నాను. "అన్నం మంచిదేనండీ, అందులో కలిపే ఆవకాయ సంగతి చెప్పమనండి ఆయన్ని" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. బియ్యంలో ఉప్పు లేనట్టే లెక్క. మన ఉప్పంతా ఊరగాయ, అప్పడం, వడియం, ఊరమిరపకాయ, సాయంకాలం మిక్చరు పొట్లం, ఆఖరికి మజ్జిగలో వేసుకునే చిటికెడు, వీటిలోనే ఉంది.

నీటిని దించే నిజమైన మందు యాదృచ్ఛికంగా దొరికింది. 1919లో వియన్నాలో ఆల్‌ఫ్రెడ్ వోగల్ అనే వైద్య విద్యార్థి, సవాయి రోగంతో ఉన్న ఒక అమ్మాయికి పాదరసం కలిసిన నోవాసురోల్ ఇంజక్షన్ ఇచ్చాడు. నర్సులు రోజూ మూత్రం కొలిచి పట్టికలో రాసేవారు. సూది పడిన రోజు ఆ అంకె అమాంతం పెరిగింది. గుండె జబ్బుతో ఉబ్బినవారికి ఇచ్చి చూస్తే లీటర్లకు లీటర్లు నీరు దిగింది. నర్సులు పద్ధతిగా కొలిచి రాసి ఉండకపోతే ఆ సంగతి ఎవరి కంటా పడేది కాదు. ఆ తరువాత నలభై ఏళ్ళు పాదరసం సూదులే దిక్కు. అవి మూత్రపిండాలకు చేటు. 1957లో క్లోరోథయజైడ్ మాత్ర వచ్చింది. 1960లలో జర్మనీకి చెందిన హెక్స్ట్ కంపెనీ ఫ్యూరోసెమైడ్ తెచ్చింది. మనకు తెలిసిన లాసిక్స్ అదే. ఆరు గంటలు పనిచేస్తుందనే అర్థంతో ఆ పేరు పెట్టారంటారు. మేమిద్దరం పెళ్ళిళ్ళకు వెళ్ళవలసిన రోజున ఆ ఆరు గంటలు ఎంత ముఖ్యమో అది వేసుకునేవారికే తెలుసు!

మందు దొరికింది, ఉప్పు గుట్టు తెలిసింది. అయినా ఇంటికి వెళ్ళిన రోగి నెల తిరక్కుండా మళ్ళీ ఆసుపత్రికి వచ్చేవాడు. 1995లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మైకేల్ రిచ్ అనే వైద్యుడు 70 ఏళ్ళు దాటిన 282 మంది రోగులను రెండు జట్లుగా చేశాడు. ఒక జట్టుకు నర్సు దగ్గర కూర్చుని జబ్బు గురించి, ఉప్పు గురించి, మందుల గురించి చెప్పడం, రోజూ బరువు చూసుకుని రాసుకోమనడం, ఇంటికి వెళ్ళి, ఫోను చేసి కనుక్కోవడం. రెండో జట్టుకు మామూలు వైద్యం. మూడు నెలల్లో మామూలు జట్టులో 94 సార్లు మళ్ళీ ఆసుపత్రిలో చేరవలసి వస్తే, నర్సు చూసిన జట్టులో 53 సార్లే వచ్చింది. కొత్త మందు ఒక్కటీ లేదు. 2007లో వచ్చిన మరో అధ్యయనంలో, ఆసుపత్రి పాలైనవారి బరువు కనీసం వారం ముందు నుంచే పెరుగుతూ వచ్చినట్టు తేలింది. నాకు సమావేశంలో పొగడ్తలు దక్కింది సరిగ్గా ఆ వారంలోనే.

అయితే త్రాసు ఒక్కటే ఎవరినీ కాపాడదు. 2010లో 1,653 మందితో ఫోను ద్వారా రోజూ బరువు, లక్షణాలు చెప్పించుకునే యంత్రపు ఏర్పాటును పరీక్షిస్తే ఏ ప్రయోజనమూ కనిపించలేదు. ఆ ఏర్పాటు ఇచ్చినవారిలో నూటికి 14 మంది దాన్ని ఒక్కసారీ వాడలేదు. యంత్రం అడిగితే మనిషి పలకడు, మనిషి అడిగితేనే పలుకుతాడని నా అనుకోలు.

ఇంతవరకు నీటి బరువు. ఇక కండ బరువు. ఇది రాయడానికి నాకు చెయ్యి ఆడటం లేదు. మన సంఘంలోనే నాకు ఆప్తుడైన మిత్రుడొకరు ఉండేవారు. ఇదే జబ్బు. నన్ను చూసి ఆయనా రోజూ బరువు రాయడం మొదలుపెట్టారు. నెలల తరబడి అంకె మారలేదు. "చూశారా, నాది గీత దాటలేదు" అనేవారు. కాని భుజాలు ఎండిపోయాయి, కణతలు లోపలికి పోయాయి, ముద్ద సహించడం లేదనేవారు. పొట్ట మాత్రం ఎత్తుగా ఉండేది. లోపల కండ కరుగుతోంది, ఆ ఖాళీలో నీరు చేరుతోంది. పాలలో నీళ్ళు కలిపినా లీటరు లీటరే కదా. కొలత తప్పు కాదు, సరుకు మారింది. ఉద్యోగంలో ఉండగా ఇలాంటివి ఎన్ని చూశానో, నా స్నేహితుడి ముఖంలో మాత్రం చూడలేకపోయాను. సన్నబడితే గుండెకు బరువు తగ్గుతుందిలే అని నేనే ఆయనకు ధైర్యం చెప్పాను.

ఈ కరిగిపోవడాన్ని విడిగా లెక్కలోకి తీసుకున్న పని 1997లో లండన్ నుంచి వచ్చింది. స్టెఫాన్ ఆంకర్, తోటివారు 171 మంది రోగులను గమనించారు. ఆరు నెలలలో ఏడున్నర శాతం కన్నా ఎక్కువ బరువు కోల్పోయినవారు 28 మంది. వారిలో సగం మంది 18 నెలల్లో చనిపోయారు. నీరు తీసేశాక మిగిలే బరువు, డాక్టర్లు పొడి బరువు అంటారు, అది తగ్గుతూ ఉంటే సంతోషించవలసిన పని లేదు.

మూడోది కొవ్వు. ఇక్కడ వైద్యులే చాలా కాలం తికమకపడ్డారు. ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 5,881 మందిని ఏళ్ళ తరబడి చూసి, స్థూలకాయులకు ఈ జబ్బు వచ్చే అవకాశం రెట్టింపని 2002లో ప్రకటించారు. దానికి ఏడాది ముందే లాస్ ఏంజెలెస్‌లో 1,203 మంది రోగులను చూసినవారు, జబ్బు వచ్చాక మాత్రం లావుగా ఉన్నవారే బాగా బతుకుతున్నారన్నారు. ఈ మాట పట్టుకుని మిఠాయి డబ్బాలు తెరిచినవారు మనలోనూ ఉండవచ్చు. 2023లో ఒత్తు బరువుకు బదులు నడుము చుట్టుకొలతను ఎత్తుతో పోల్చి లెక్కవేస్తే, ఆ లావు లాభం మాయమైంది. త్రాసు మీది అంకెలో కండ, నీరు, కొవ్వు మూడూ కలిసే ఉంటాయి మరి.

2023లోనే సెమాగ్లుటైడ్ అనే వారపు సూదిమందును, గుండె గట్టిపడిన రకం జబ్బు ఉన్న 529 మంది స్థూలకాయులకు ఏడాదిపాటు ఇచ్చి చూశారు. బరువు సగటున 13.3 శాతం తగ్గింది, ఉత్తుత్తి సూది తీసుకున్నవారికి 2.6 శాతమే. ఆయాసం తగ్గింది, నడక మెరుగైంది. 2024లో టిర్జెపటైడ్‌తో 731 మందిలో అలాంటి ఫలితమే వచ్చింది. 2025లో ఈ మందులు మన దేశంలోనూ అమ్మకానికి వచ్చాయి. పేపర్లో చదివి నేనూ అడిగాను. "బాబాయిగారూ, మీది గట్టిపడిన గుండె కాదు, బలహీనపడిన గుండె. మీ ఒంట్లో తగ్గించవలసిన కొవ్వూ లేదు. మీకు కావలసింది పప్పు, గుడ్డు, రోజూ నడక" అంది ఆ అమ్మాయే, ఇప్పుడు పెద్ద డాక్టరు.

ఉప్పు విషయంలోనూ పాత పట్టుదల కొంత సడలింది. 2022లో 806 మందితో చేసిన పరీక్షలో మరీ కఠినమైన ఉప్పు పథ్యం మరణాలనూ ఆసుపత్రి చేరికలనూ తగ్గించలేదు. నిలకడగా ఉన్న రోగులకు నీళ్ళు గట్టిగా కొలిచి ఇవ్వనక్కరలేదని 2025లో నెదర్లాండ్స్ వైద్యులు చూపించారు. ఇది ఊరగాయ జాడీకి అనుమతి పత్రం కాదు. ఎవరి మోతాదు వారి డాక్టరు చెప్పవలసిందే.

తిరువనంతపురంలో 2013లో ఈ జబ్బుతో ఆసుపత్రుల్లో చేరిన 1,205 మంది వివరాలు నమోదు చేశారు. వారి సగటు వయసు 61. రిచ్ డాక్టరు చూసినవారంతా డెబ్బై దాటినవారు. మనకు ఇది ఉద్యోగం వదిలే వేళకే ఎదురవుతోంది. అందుకే ఈ సంచికలో ఇంత చోటు తీసుకున్నాను.

నా పద్ధతి మనవి చేస్తాను. పొద్దున్నే మూత్రవిసర్జన అయ్యాక, కాఫీకి ముందు, ఒకే రకం బట్టలతో, గచ్చు మీద ఒకే చోట పెట్టిన త్రాసు ఎక్కుతాను. ఇంటి త్రాసు కిలో ఎక్కువ తక్కువ చూపినా నష్టం లేదు, రోజూ ఒకే తప్పు చూపితే చాలు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఆగకుండా ఫోను చేయమన్నారు. నెలకోసారి మా ఆవిడ టేపుతో నడుమూ దండచెయ్యీ కొలిచి పక్కన రాస్తుంది. ఇది నా మిత్రుడు పోయాక మొదలుపెట్టింది.

మొన్నటి సమావేశంలో ఒకరు నన్ను చూసి, "కాస్త చిక్కినట్టున్నారే" అని నొచ్చుకున్నారు. జేబులోంచి పుస్తకం తీసి చూపించాను. ఆరు వారాలుగా 64కూ 64.6కూ మధ్యనే ఉంది. దండచెయ్యి 26 సెంటీమీటర్లు, కిందటి నెలా అంతే.